అత్తగారి పేరు మీద కొన్న డబ్బా

“ఇది ఎవరికక్కా?” అని అడిగింది బిస్కెట్ కొట్టు బీ చూ, డబ్బాని ఎర్ర కాగితం సంచిలో పెట్టబోతూ.

అడగడంలో తప్పేం లేదు. చీనా లెక్కలో ఎనిమిదో నెల, అంటే చందమామ పండగ నెల వచ్చిందంటే మలేషియాలోని ఈ తైపింగ్ ఊళ్ళో ఏ బిస్కెట్ కొట్టుకెళ్ళినా అడిగేది ఆ మాటే. లోపల తీపి ముద్ద కూరి ఆ పండక్కి చేసే మూన్‌కేకులు తమ కోసమని ఎవరూ కొనుక్కోరు. కొని ఇంకొకరికి ఇస్తారు, ఇంకొకరు తెచ్చిచ్చినవి తాము తింటారు. అత్తవారింటికి, పుట్టింటికి, డాక్టరుకి, పిల్లల టీచరుకి, సరుకు పంపే కంపెనీ మనిషికి. ఎవరికో చెబితే దానికి తగ్గ సంచీ, తగ్గ రిబ్బనూ కొట్టువాళ్ళే చూసి కడతారు. తన కోసం తాను మూన్‌కేకు డబ్బా కొనుక్కున్న ఆడదాన్ని గుయెక్ హియాంగ్ ఈ యాభై రెండేళ్ళ బతుకులో చూడలేదు. అలాంటిది ఒకతె ఉంటే ఊరు ఏమనుకుంటుందో మాత్రం బాగా తెలుసు. పెట్టే దిక్కు లేనిదనుకుంటుంది, లేదంటే తిండి యావ అనుకుంటుంది. రెండింట్లో ఏది ఎక్కువ సిగ్గో తేల్చుకోవడం కష్టం.

హియాంగ్ అప్పటికే తమ కొట్టు తరఫున పంచాల్సిన డబ్బాలన్నీ కట్టించేసింది. కొట్టంటే ఆమె భర్త టియాంగ్ సెంగ్‌ది. మేకులు, గొళ్ళేలు, పెయింటు డబ్బాలు అమ్మే కొట్టు. పొద్దున్నే తలుపులు తీసి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది హియాంగే, మధ్యాహ్నం పనివాళ్ళకి అన్నం వండిపెట్టేదీ హియాంగే, పండగొస్తే ఏ ఖాతాదారుకి ఎర్ర చిక్కుళ్ళ ముద్ద కూరిన కేకు ఇష్టమో, ఏ ఖాతాదారు భార్యకి గుడ్డు సొన పడదో గుర్తుపెట్టుకునేదీ హియాంగే. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి జీతం సంగతి నవ్వుతూ అడిగింది. “సొంత కొట్లో జీతమేంటి పిచ్చిదానా, నీ కుడిచెయ్యి నీ ఎడంచేతికి కూలిస్తుందా?” అని అతనూ నవ్వుతూనే అన్నాడు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. తనూ నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు బీ చూ చేతిలో ఉన్న డబ్బా కొట్టు లెక్కలోది కాదు. లేతాకుపచ్చ రంగుది, మూత మీద షుగర్ ఫ్రీ అని బంగారపు అక్షరాలు. ఇందాక అది కనపడ్డ అరలోంచి చూపు తిప్పుకుని వెళ్ళి పంపరపనస పళ్ళు ఏరింది, టీ పొట్లాలు చూసింది, చివరికి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది. చెయ్యి దానంతటదే వెళ్ళి తీసుకుంది. తీరా ఎవరికని అడిగేసరికి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మొహంలోకి వేడి కొట్టింది.

“మా అత్తగారికి,” అంది.

“అయ్యయ్యో, ఆవిడకి షుగరొచ్చిందా? చూస్తే ఇనపగుండులా ఉంటారే. ఎప్పట్నుంచి?”

“ఏదో, కొంచెం. ఎవరితో అనకు బీ చూ.”

“నేనెందుకంటాను,” అంది బీ చూ. బంగారు రిబ్బను తీసి, పెద్దవాళ్ళకి కట్టే పూలముడి వేసి ఇచ్చింది.

షుగరు అత్తగారికి కాదు. హియాంగ్‌కి. అదొచ్చి రెండేళ్ళయింది. ఒకనాడు గల్లాపెట్టె దగ్గర చిల్లర లెక్కపెడుతుంటే కళ్ళు మసకబారి నాణేలన్నీ ఒకలాగే కనపడ్డాయి. కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకుని వెళ్ళింది. అక్కడి డాక్టరు సర్కారు క్లినిక్‌కి పంపాడు. క్లినిక్‌లో నర్సు వేలికి సూది గుచ్చి, మిషను వంక చూసి, “ఇంతుందా! ఇంట్లో వాళ్ళనొకర్ని తీసుకురండి ఆంటీ, తిండి సంగతి వాళ్ళకీ చెప్పాలి,” అంది. అలాగేనంది హియాంగ్. తీసుకెళ్ళలేదు. ఎవర్ని తీసుకెళ్తుంది? కూతురు పెనాంగ్‌లో ఆసుపత్రి డ్యూటీలతోనే అలిసిపోతోంది. ఇక మిగిలింది మొగుడు, అత్తగారు.

అత్తగారికి ఎందుకు చెప్పలేదంటే దానికో కథ ఉంది. హియాంగ్ తల్లి ఈ జబ్బుతోనే పోయింది. పోకముందు కాలి వేళ్ళు తీసేశారు. సంబంధం చూసేటప్పుడు అత్తగారు మొట్టమొదట అడిగింది పిల్ల రంగూ కాదు, చదువూ కాదు. “వీళ్ళ వంశంలో ఒంటి రోగాలేమన్నా ఉన్నాయా?” అని అడిగింది. పెళ్ళిళ్ళ పేరమ్మ క్షణం కూడా ఆలోచించకుండా లేవంది. హియాంగ్ తల్లి అప్పుడు గళ్ళ లుంగీ పాదాల కిందికంటా దించుకుని కుర్చీలో కూర్చునుంది, లేచి నిలబడనే లేదు. ఆ రోజు తల్లి పాదాలు దాచుకున్న తీరు హియాంగ్ కడుపులో ఎక్కడో ఉండిపోయింది. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు దాటినా, తన ఒంట్లో ఏ నలత వచ్చినా, ఆ అబద్ధం ఇప్పుడు బయటపడుతుందన్నట్టే ఉలిక్కిపడుతుంది.

మరో మాట కూడా ఉంది. ఎదురింటి వాళ్ళ కోడలికి షుగరొచ్చిందని తెలిసిన రోజు భోజనాల దగ్గర అత్తగారు చేపముల్లు తీసుకుంటూ, “వంటింట్లో నిలబడి అడ్డమైనవీ తింటే రాక ఏమవుతుంది? బల్ల దగ్గర కూర్చున్నప్పుడు చూడు, పిచ్చుకలా కొరుకుతుంది,” అంది. టియాంగ్ సెంగ్ నవ్వి, “ఆ మొగుడు ఇక మందులకే సంపాదించాలి పాపం,” అన్నాడు. పాపం అన్నది ఆ మొగుణ్ణి. హియాంగ్ అప్పుడు సూపు వడ్డిస్తోంది. అప్పటికి ఆమెకి రోగమొచ్చి నెలో రెండు నెలలో. అత్తగారి గిన్నె నింపి, మొగుడి గిన్నె అందుకుంది. నేనూ నిలబడే తింటాను, కూర్చుని తిననిచ్చిందెవరు అని లోపల ఒక గొంతు అంది. దాన్ని వెంటనే నొక్కేసింది. ఆ వెనకే ఇంకో గొంతు మొదలైంది, నిజమేనేమో, నేనే తెచ్చుకున్నానేమో, మాడిన అన్నం పారెయ్యలేక తిన్నదీ, పిల్ల వదిలేసిన కేకు ముక్క నోట్లో వేసుకున్నదీ, అందరి గిన్నెల్లో మిగిలింది తుడిచి తిన్నదీ అన్నీ కలిసి ఇలా అయ్యుంటాయేమో అని. ఆ గొంతుని నొక్కడం మాత్రం చేతకాలేదు.

అలా రెండు పండగలు వెళ్ళిపోయాయి. ఇంటికి ఎన్నెన్ని డబ్బాలు వచ్చేవో, అన్నీ తనే కోసింది, ముక్కలు అందరికీ అందించింది, చేతికంటిన, కేకుల్లో కూరే తామరగింజల ముద్దని నాలికకి తగలనివ్వకుండా కొళాయి కింద కడిగేసుకుంది. తను తినడం లేదని ఒక్కళ్ళూ గమనించలేదు. గమనించకపోతేనే మంచిదని ఊపిరి పీల్చుకుంది, ఊపిరి పీల్చుకున్నందుకు మనసు కలుక్కుమంది.

కాబట్టి ఆకుపచ్చ డబ్బా చూసినప్పుడు ఆమె అనుకున్నది ఇంతే. అత్తగారి పేరు చెప్పి ఇంటికి తీసుకెళ్తాను. చక్కెర లేని మూన్‌కేకు మొహం ఆవిడ చూడదు, ఒక్క ముక్క కొరికి ఉమ్మేస్తుంది. అప్పుడు, ఎందుకులే పారెయ్యడం అని నేను తింటాను. మిగిలింది తినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. తిన్నందుకు ఎవరూ ఏమీ అనరు. నర్సు చెప్పింది కూడా, షుగర్ ఫ్రీ అని డబ్బా మొత్తం లాగించకండి ఆంటీ, అందులోనూ పిండీ నూనే ఉంటాయి, చిన్న ముక్కైతే పర్లేదు అని. చిన్న ముక్క చాలు. ఒక్క చిన్న ముక్క కోసం ఇంత ఎత్తు వెయ్యాల్సొచ్చిందే అని దారంతా సిగ్గుపడుతూనే నడిచింది.

అయితే బీ చూ అనేది ఒకతె ఉందని, ఆ బీ చూ ప్రతి శనివారం గువాన్ యిన్ అమ్మవారి గుళ్ళో అత్తగారి పక్కనే కూర్చుని మంత్రాలు చదువుతుందని, ఆ హడావిడిలో మర్చిపోయింది. ఎవరితో అనకు అని చెప్పిన మాట ఎంత దూరం వెళ్తుందో ఇరవయ్యెనిమిదేళ్ళు కోడలిగా ఉన్న మనిషికి తెలియక కాదు.

శనివారం అత్తగారు గుడి నుంచి రిక్షా దిగి, గొడుగు కూడా ముడవకుండా నేరుగా లోపలికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

“నాకు షుగరట,” అంది. “గుళ్ళో నా ముందర పెట్టిన పెసల పాయసం గిన్నె తీసి అవతల పెట్టింది ఆ పొట్టి లిమ్. నీళ్ళు తాగండక్కా అని గ్లాసు చేతికిచ్చింది. ఒకతె కాకరకాయ రసం తాగమంది. ఇంకొకతె నా చెప్పుల వంక చూసి, పాదాలు జాగ్రత్త అంది. పాదాలట. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఒక్క మాత్ర మింగి ఎరగను. ఎవరే ఈ మాట పుట్టించింది?”

హియాంగ్ ముల్లంగి తరుగుతోంది. చెప్పాలి. నోరు తెరిచింది కూడా. పాదాలు అన్న మాటకి మళ్ళీ మూసుకుపోయింది. “ఏమో అత్తయ్యా,” అంది. ముల్లంగి తరుగుతూనే ఉంది, తరగాల్సినదానికన్నా సన్నగా.

సాయంత్రానికి టియాంగ్ సెంగ్ కూడా కాఫీ కొట్టులో విని వచ్చాడు. “మీ అమ్మకి అంత జబ్బు చేస్తే మాకు చెప్పొద్దా అని నలుగురూ అడిగారు. ఏం చెప్పను? నాకే తెలీదే అంటే పరువుండదు. అవునని తలూపి వచ్చాను. అమ్మా, ఎందుకు దాచావు?”

“నాకేం లేదురా. దాచడానికి నాకేమన్నా ఉంటే కదా.”

“పెద్దవాళ్ళందరూ అనే మాటే అది. రేపు క్లినిక్‌కి పద.”

“పండగ నెలలో ఒంటి మీద సూది గుచ్చనివ్వను. పండగయ్యాక చూద్దాం.”

“చూశావా, భయపడుతోంది,” అన్నాడు భార్య వైపు తిరిగి, తల్లి అక్కడ లేనట్టే. “హియాంగ్, ఇవాళ్టి నుంచి అమ్మ కాఫీలో చక్కెర బంద్. నువ్వు కనిపెట్టి ఉండు. నువ్వేదో షుగర్ ఫ్రీ మూన్‌కేకులు తెచ్చావటగా, బీ చూ చెప్పింది. నీకు ముందే తెలుసన్నమాట. ఆ మాత్రం నాతో చెప్పొచ్చుగా. సరే, మంచి పనే చేశావు.”

మంచి పని చేశావు అని అతను అనడం హియాంగ్‌కి గుర్తున్నంతలో చాలా తక్కువ. ఆ మాట ఇప్పుడు రావడం చెంపమీద కొట్టినట్టుంది.

అత్తగారు మాత్రం కోడలి వంక అదోలా చూసింది. “నేనడిగితే ఏమో అన్నావు. నువ్వు కూడా ఎవరో చెప్పింది నమ్మి కొన్నావన్నమాట,” అంది. ఆ మాట పుట్టింది కోడలి నోట్లోనే అని ఆవిడ ఊహకి కూడా అందలేదు. అంత అబద్ధం కోడలికి చేతనవుతుందని ఆవిడ అనుకోలేదు మరి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, ఆ ఇంట్లో గొంతెత్తితే గిన్నెలు కదిలే మనిషి, రోజు రోజుకీ చిన్నదైపోయింది. చక్కెర డబ్బా అల్మారా పై అరలోకి వెళ్ళింది. బిస్కెట్లు మాయమయ్యాయి. కొడుకు ఫోన్లో చెల్లెలికి చెబుతుంటే, పక్కనే కూర్చుని “నాకేం లేదే” అంటుంది, ఎవరూ వినరు. ఇదివరకు ఆవిడ ఒక మాటంటే అది కాదనడానికి ఇంట్లో ఎవరికీ నోరుండేది కాదు. ఇప్పుడు తన ఒంటి గురించి తను చెప్పే మాట కూడా చెల్లడం లేదు. హియాంగ్‌కి అది చూస్తుంటే ఎక్కడో చూసినట్టే అనిపించేది. తను నడుం నొప్పి అంటే, నీకేం నొప్పి, కూర్చునే పనేగా అని ఇంట్లో వాళ్ళన్న రోజు గుర్తొచ్చేది. చెప్పింది వినపడకపోవడం అంటే ఏమిటో ఈవిడకీ తెలిసొచ్చింది అని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి తనలోంచే వచ్చిందని తెలిసి తల దించుకుంది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, మొగుడు కొట్లో ఉన్నప్పుడు, అత్తగారి కాఫీలో ఎప్పట్లా చక్కెర దండిగా వేసి తెచ్చిచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి ఆగింది. కప్పులోకి చూసింది. తర్వాత కోడలి మొహంలోకి చూసింది.

“భయపడకు, వాడితో చెప్పనులే,” అంది మెల్లగా. కప్పు రెండు చేతులతో పట్టుకుని, “ఈ ఇంట్లో నా మాట నమ్మింది నువ్వొక్కతివే హియాంగ్. నిన్ను నేను ఎన్నోసార్లు నోటికొచ్చినట్టు అన్నాను. ఇలా కూర్చో కాసేపు,” అంది.

ఇరవయ్యెనిమిదేళ్ళలో కూర్చోమన్నది అదే మొదలు. హియాంగ్ కూర్చోలేదు. పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి లోపలికెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఆరిపోయిన పొయ్యి ముందర నిలబడి చొక్కా అంచుతో మొహం ఒత్తుకుంది. తిట్టినా బాగుండేది. ఎన్ని తిట్లు పడలేదు, ఇంకో నాలుగు పడేది. ఆ మెత్తటి మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బీ చూ ముందు ఒక్క మాట, నాకే అని అనుంటే సరిపోయేది. నాకే అనడానికి నోరు రాని ఆడది, ఆ నోటితోనే ఒక ముసలామెని రోగిష్టిదాన్ని చేసింది.

పండగ రోజు సాయంత్రం వాన వెలిసింది. తైపింగ్‌లో వాన పడని సాయంత్రం ఉండదు, వెలిస్తే అదే గొప్ప. ముంగిట్లో బల్ల వేసి, చందమామకి పంపరపనస, ఉడకబెట్టిన చేమదుంపలు, టీ, మూన్‌కేకులు పెట్టి అగరొత్తులు వెలిగించారు. ఆడపడుచు స్యూ కిమ్ మొగుడితో కలిసి కౌలాలంపూర్ నుంచి కారులో దిగింది. దిగుతూనే తల్లిని కౌగిలించుకుని, “అమ్మా, నువ్వు సగానికి సగం చిక్కిపోయావు. షుగరొస్తే ఇంతే,” అంది. వారం రోజుల నుంచి కోపంతో సరిగా అన్నం తినక చిక్కిన సంగతి ఎవరికీ అక్కర్లేదు.

చంద్రుడు ఎదురింటి కప్పు మీదికి రాగానే అగరొత్తులు తీసేసి, హియాంగ్ చాకు తెచ్చి కోయడం మొదలుపెట్టింది. మామూలువి ఒక పళ్ళెంలో. రెండేసి సొనలున్న పెద్దవి, ఎర్రగా నూనె కారుతున్నాయి. ఆకుపచ్చ డబ్బాలోవి వేరే పళ్ళెంలో. కోసిన చోట పొడిపొడిగా, కాస్త పాలిపోయినట్టున్నాయి.

“అమ్మకి ఇందులోది పెట్టు వదినా,” అంది స్యూ కిమ్. “అది కూడా పావు ముక్కే. ఇప్పుడే ఫోన్లో చూశాను.”

అత్తగారు చెయ్యి చాపింది. మామూలు పళ్ళెం వైపు చాపింది, రెండు సొనల ముక్క కోసం. టియాంగ్ సెంగ్ ఆ పళ్ళేన్ని మెల్లగా అవతలికి జరిపాడు. పసిపిల్ల ముందు నుంచి కత్తెర జరిపినట్టు.

“అమ్మా, వద్దన్నామా? అల్లుడి ముందు గొడవ చేయకు.”

“నాకేం లేదురా,” అంది ఆవిడ. అరవలేదు. ఆ గొంతు అరిచే గొంతులాగానే లేదు. “నాకేం లేదు.” చాపిన చెయ్యి అలాగే ఉంది. వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసిందో, మర్చిపోయిందో. అల్లుడు వేరే వైపు చూశాడు. ఆవిడ వేళ్ళకి అగరొత్తుల ఎర్రరంగు అంటుకుని ఉంది.

హియాంగ్ ఆ చేతినే చూసింది. చాకు పక్కన పెట్టింది. మామూలు పళ్ళేన్ని మొగుడి ముందు నుంచి లాగి, అందులోంచి రెండు సొనల ముక్క తీసి అత్తగారి అరచేతిలో పెట్టింది.

“హియాంగ్, నీకేమన్నా మతి పోయిందా?”

“షుగరు అత్తయ్యకి కాదు,” అంది. చేతికంటిన నూనె తుడుచుకుంది. “నాకు. డబ్బా కొన్నది కూడా నా కోసమే. ఎవరికని బీ చూ అడిగితే నా కోసమని చెప్పడానికి సిగ్గేసి, అత్తయ్య పేరు చెప్పాను.”

పక్కింటి పిల్లలు లాంతర్లు పట్టుకుని వీధిలో పాట పాడుకుంటూ వెళ్ళిపోయారు.

“పండగపూట ఇదేం మాట వదినా,” అంది స్యూ కిమ్, మొగుడి వంక చూస్తూ. “చెప్పాలంటే తర్వాత చెప్పొచ్చుగా, ఇంట్లో వాళ్ళం ఉన్నప్పుడు.”

అత్తగారు చేతిలోని ముక్కని చూస్తోంది. “నువ్వా,” అంది. “నువ్వా అన్నది. నాకు కాఫీలో చక్కెర వేసిచ్చింది అందుకా?”

“అవును అత్తయ్యా.”

“నిన్ను కూర్చోమన్నాను.”

“అందుకే కూర్చోలేకపోయాను.”

ఆవిడ పెదవులు బిగించింది. తిట్టబోతోందనుకున్నారు అందరూ. “శనివారం నాతో గుడికి రావాలి,” అంది. “ఆ పొట్టి లిమ్ ముందర, వాళ్ళందరి ముందరా, నాకేం లేదని నువ్వే చెప్పాలి. నీకుందని కూడా నువ్వే చెప్పాలి. నేను చెప్పను.”

ఆ ఆడవాళ్ళందరూ తిరిగి తన పాదాల వంక చూస్తారని హియాంగ్‌కి తెలుసు. చెవులు ఇప్పట్నుంచే వేడెక్కాయి. “వస్తానత్తయ్యా,” అంది.

“శనివారం పొద్దున కొట్లో ఎవరు కూర్చుంటారు?” అన్నాడు టియాంగ్ సెంగ్, అలవాటు కొద్దీ. అన్నాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, గొంతు సవరించుకున్నాడు. “ఎన్నాళ్ళ నుంచి?”

“రెండేళ్ళు దాటింది.”

“రెండేళ్ళా? మందులు వాడుతున్నావా?”

“పూటపూటా.”

“ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్ళు నాకు కనపడలేదంటే, ఎంత జాగ్రత్తగా దాచావో చూడు. ఆ మందులు ఎక్కడ దాచావు?”

హియాంగ్ పాలిపోయిన ముక్కల పళ్ళెంలోంచి ఒక చిన్న ముక్క తీసుకుంది. కుర్చీ లాక్కుని, అత్తగారి పక్కన కూర్చుంది.

“మొదటి నెల బియ్యం డబ్బాలో దాచాను,” అంది. “తర్వాత ఒకరోజు మర్చిపోయి పొయ్యి పక్కన, ఉప్పు సీసా ముందరే వదిలేశాను. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాయి.”